శివకృష్ణ బ్యాక్‌గ్రౌండ్

ఎర్రగుంటపల్లి,
6 ఫిబ్రవరి 2023.

మా అన్న బిడ్డ మల్లికకు మేనత్త బీరమ్మ దీవించి రాసేది.

ఇక్కడ మేమందరం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావనుకుంటాను. మొదట ఈ ముక్క రాయకపోతే పోస్టాఫీసులో ముద్ర వెయ్యరని మాకు చదువు చెప్పే ఏసోబు సారు అన్నాడు. అని నవ్వాడు కాబట్టి అబద్ధమే అయి ఉంటుంది. అయినా రాశాను. నలభై ఎనిమిదేళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ముద్ర పడకపోతే నా కష్టమంతా గంగపాలవుతుంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ మామ గుర్వయ్య జేబులో ఉంటుంది. ఆయనకు స్పీకర్ పెట్టకుండా మాట్లాడటం రాదు. మన ఇంటి గుట్టంతా మందలోని నూట పది గొర్రెలకూ తెలుసు. ఇది పెళ్లి ముచ్చట, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ మరదలు సుస్మితకు ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు శివకృష్ణ. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో, ల్యాబులో పని. సంబంధం తెచ్చింది కొండమల్లేపల్లి కృష్ణకాంత్. ఆయన ప్లాట్లు అమ్ముతాడు, సంబంధాలూ చూస్తాడు, రెంటి గురించీ ఒకే తీరుగా మాట్లాడతాడు. "అక్కా, పిల్లగాడు రోడ్డు ఫేసింగ్. లిటిగేషన్ ఏం లేదు. బ్యాక్‌గ్రౌండ్ క్లియర్" అన్నాడు. నాకు ఆ చివరి మాట మీదే అనుమానం.

సుస్మిత నల్గొండలో నర్సింగ్ హాస్టల్ నుంచి వచ్చి ఫొటో చూసింది. "నీ ఇష్టం అమ్మా" అంటూనే ఆ ఫొటోను తన పుస్తకంలో దాచుకుంది. దాన్ని ఆ పుస్తకంలోంచి గుంజుకుని, మిగతా రెంటితోపాటు నీకు పంపుతున్నాను. ఒక్కతే బిడ్డ మల్లికా. మంచి ఇంట్లో పడుతుందో లేదోనని నాకు అన్నం సయించడం లేదు.

నీతో రెండు పనులున్నాయి. శివకృష్ణవి మూడు ఫొటోలు, సుస్మితవి మూడు ఇందులో పెట్టాను. నువ్వు పని చేసే ఫొటో స్టూడియోలో ఫొటోలన్నీ ఒకే పెద్ద కాగితం మీద వచ్చేటట్టు చేస్తారట, అట్లా చేసి పంపు. ఉగాదికి ముందు ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారు, వాళ్లకు చూపిస్తాను. ఇక రెండోది. నీది చదువుకున్న కన్ను. ఆ పిల్లవాడి బ్యాక్‌గ్రౌండ్ ఎట్లాంటిదో బాగా చూడు. నా మనసు కష్టపడుతుందని ఏదీ దాచకుండా ఉన్నదున్నట్టు రాయి.

ఇట్లు, ఇప్పుడు వేలిముద్ర అవసరం లేని నీ మేనత్త,
బీరమ్మ.


చౌటుప్పల్,
11 ఫిబ్రవరి.

బంగారు అత్తకు,

నీ ఉత్తరం చదివి షాపులో అందరి ముందూ పైకే నవ్వాను. బ్యాక్‌గ్రౌండ్ గురించి నువ్వు అడుగుతావని కలలో కూడా అనుకోలేదు. ఇక్కడికి వచ్చేవాళ్లందరికీ ముఖం తెల్లగా వస్తే చాలు. వెనక ఏముందో చూడమన్న మొదటి మనిషివి నువ్వే. మా ఓనరు దశరథ్ అన్నకు నీ మాట చదివి వినిపించాను. "మీ అత్తను ఈడ పనిల పెట్టుకుందమా చెల్లె" అన్నాడు. ఆ హుషారులోనే మొత్తం పని నా చేతికి వదిలేశాడు. పక్కన ఎవరూ లేకుండా నేనే చేస్తున్న మొదటి పని ఇది, చేతులు ఆగడం లేదు.

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. శివకృష్ణ ముఖం చాలా మంచిది. బ్యాక్‌గ్రౌండే అస్సలు బాగాలేదు. మామూలుగా చూస్తే తెలియదు, లోతుగా వెళ్లి చూస్తేనే బయటపడింది. మొదటిదంతా మురికి, మచ్చలు. రెండోది పైకి మహా శుభ్రంగా ఉంది గానీ అంతా నకిలీ. మూడోదానితో నా తల ప్రాణం తోకకొచ్చింది. అందులో ఒక ఆడమనిషి ఉంది. సగమే కనిపిస్తుంది, నల్లగా ఏదో కప్పుకుంది, చెయ్యి మాత్రం అతని భుజం మీదే వేసి ఉంది.

నువ్వేం ఫికర్ పెట్టుకోకు. ఆమెను నేను తీసేశాను. భుజం మీది చెయ్యి ఊడిరావడానికే ఒక పూట పట్టింది. జుట్టు దగ్గర మరీ సతాయించింది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే అయింది. ఇప్పుడు అక్కడ ఒక మనిషి ఉండేదని ఎవరికీ అనుమానం కూడా రాదు. అంతటి మీదా లేత గులాబీ రంగు పూసేశాను. దశరథ్ అన్న చూసి, "ముఖం మంచిగుంటె సాలు చెల్లె, ఎన్కది మనం సూస్కుంటం. గిసొంటియి దినాం వస్తయి" అన్నాడు.

సుస్మిత బ్యాక్‌గ్రౌండ్ కూడా అంతంతమాత్రమే, దాన్నీ మారుస్తున్నాను. మామకు నమస్కారాలు. గొర్రెలకు ఏం చెప్పకండి.

నీ పనిమంతురాలు,
మల్లిక.


ఎర్రగుంటపల్లి,
15 ఫిబ్రవరి.

మల్లికా,

కోపమొస్తే ఏసోబు సారు నేర్పిన తెలుగు నా చేతికి రాదు. నోట్ల ఉన్నదే రాస్తున్న, సదువుకో.

నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. ఒకసారి కూసోని, ఒకసారి నిలవడి, మూడోసారి నీళ్లు తాగుకుంట. గా ఆడిమనిషి ఎవలు? తీసేసిన అంటున్నవు, ఏడికి తీసేసినవు? చెయ్యి ఊడొచ్చేదాంక గుంజినవా? జుట్టు కాడ సతాయించింది అంటే మీరిద్దరు జుట్లు జుట్లు పట్టుకున్నరా? నిన్ను సూడుమన్న గని గంత పని జెయ్యుమన్ననా బిడ్డా. రేపు పోలీసులొస్తే మీ బాపుకు నేను ఏం జెప్పాలె?

గింత మురికి, గింత నకిలీ తెలిసినంక దాని మీద గులాబీ రంగు పూస్తవా? ఎవలకు అనుమానం రాదని నాకే జెప్తవా? గిసొంటియి దినాం వస్తయంటున్న గా దశరథ్ ఎసొంటోడు? నా బిడ్డ సుస్మితకు గూడ ఏదో ఉన్నదని రాసినవు. దాని సంగతి నేను నిన్ను అడిగిన్నా?

నిన్న కృష్ణకాంత్‌ను పిలిచి సంబంధం వద్దన్న. "రంగు పూసినా నాకు కనవడుతాంది" అన్న. ఆయన "ఏ ప్లాటుకక్కా" అన్నడు. సుస్మితకు మీ మామ ఫోన్ల చెప్పిండు. అవుతలికెల్లి ఏడుపు ఇనవడ్డది. స్పీకర్ల నా బిడ్డ ఏడుస్తుంటె మంద మొత్తం మేత ఇడిసి నిలవడ్డది.

బీరమ్మ.


చౌటుప్పల్,
15 ఫిబ్రవరి.

అత్తా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్లీ రాస్తున్నాను. ఎందుకంటే ఈ రోజు గరుకు దగ్గరికి వచ్చాను.

రంగు ఒక్కటే వేస్తే కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంటుంది, చూపు జారిపోతుంది. దాని మీద గరుకు ఎక్కించాలి, టెక్స్చర్ అంటారు. కంప్యూటర్లో ఎన్ని ఉన్నాయో చెప్తే నమ్మవు. కాగితం, ఇసుక, చెక్క, పాలరాయి, గోనెసంచి. పక్కన ఒక గీత ఉంటుంది, దాన్ని ఇటు జరిపితే గరుకు తగ్గుతుంది, అటు జరిపితే పెరుగుతుంది. నేను పొద్దంతా జరుపుతూనే ఉన్నాను. పాలరాయి పెడితే ఫంక్షన్ హాల్లో చేతులు కడుక్కునే చోటులా ఉంది. చెక్కలో పెడితే శివకృష్ణ బీరువాలోంచి తొంగిచూస్తున్నాడు. గోనెసంచిలో కూడా వేసి చూశాను, ఊపిరాడనట్టు కనిపించాడు. కస్టమర్లు నన్ను చూసి ఈ పిల్లకు ఏమైంది అనుకుంటున్నారు. నాకు ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదత్తా.

అసలు మాట ఇది. నాలుగు రోజులుగా సుస్మిత, శివకృష్ణ ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు. మొదట ఎడంగా పెట్టాను, కొత్తవాళ్లలా ఉన్నారు. ఈ రోజు దగ్గరికి జరిపి, మధ్యలో అడ్డం తీసేసి ఇద్దరినీ కలిపేశాను. చూస్తే నీకు కడుపు నిండిపోతుంది.

కళ్లు మండుతున్నా కుర్చీ దిగని,
నీ మల్లిక.


ఎర్రగుంటపల్లి,
19 ఫిబ్రవరి.

మల్లికా,

గరుకు, గీత, పాలరాయి, నాకు ఏం తెల్వదు. ఇద్దరు నీ తాననే ఉన్నరు, కలిపేసిన అన్న ముక్క సమజైంది. మీ మామ చెప్పులు సుత ఏస్కోకుండ మొదటి బస్సుకు నల్గొండ పోయిండు. హాస్టల్ గేటు కాడ సుస్మిత పుస్తకం పట్టుకొని వచ్చి "ఏంది బాపు" అన్నదట. ఆయనకు ఏం అడగాల్నో తెల్వక, జేబుల ఉన్న పల్లీలు చేతిల పోసి వాపసొచ్చిండు.

పిల్ల హాస్టల్లనే ఉన్నది. మరి నీ తాన ఉన్నది ఎవలు?

ఫొటోలు వాపసు పంపు. పిల్లగాన్ని సంచిలకెల్లి తియ్యి.

బీరమ్మ.


చౌటుప్పల్,
22 ఫిబ్రవరి.

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదట ఏమీ అర్థం కాలేదు. సంచి దగ్గరికి వచ్చేసరికి అంతా అర్థమై, నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాను. దశరథ్ అన్న మంచినీళ్లు తెచ్చాడు. ఆ తర్వాత సుస్మిత ఏడ్చిందన్న ముక్క మళ్లీ చదివాను. నవ్వు ఆగిపోయింది.

నేను ఎవరి జుట్టూ పట్టుకోలేదు. మా షాపులో బ్యాక్‌గ్రౌండ్ అంటే ఫొటోలో మనిషి వెనక కనిపించేది. గోడ, చెట్టు, పరదా, అంతే. నువ్వు అడిగింది దాని గురించేనని మురిసిపోయాను. మురికి అన్నది మొదటి ఫొటోలోని గోడను. నకిలీ అన్నది రెండో ఫొటోలో వెనక వేలాడదీసిన నీలం ఆకాశం పరదాను. మూడో ఫొటోలో ఎవరో అడ్డం వచ్చారు, ఆమెను కంప్యూటర్లో చెరిపేశాను. గోనెసంచి అన్నది కాగితానికి వేసే ముతకదనం. సుస్మిత, శివకృష్ణ కలిసింది కాగితం మీదే. నిజంగా వాళ్లు ఒకరినొకరు చూసుకోనే లేదు, నా వల్ల ఇక చూసుకోరేమో కూడా.

అతని ఇల్లు, మనుషులు ఎట్లాంటివాళ్లో నాకు ఏమీ తెలియదు. నువ్వు అడిగింది దాన్నేనని ఇప్పుడు తెలిసింది. నీ ఫొటోలు వెనక్కి పంపుతున్నాను. వీటిలో దేన్నీ నేను ముట్టుకోలేదు, అందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కృష్ణకాంత్‌ను మళ్లీ పిలువు అత్తా. కావాలంటే నేను వచ్చి చెప్తాను.

తప్పు తన మీదే వేసుకున్న,
మల్లిక.


ఎర్రగుంటపల్లి,
28 ఫిబ్రవరి.

బిడ్డా మల్లికా,

కోపం దిగింది. తెలుగు తిరిగి వచ్చింది.

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించాను. ఆయన దాన్ని స్పీకర్లో మీ బాపుకు చెప్పాడు. ఇప్పుడు ఊర్లో నేను ఎటు పోయినా, "బీరమ్మ, పిల్లగాడు సంచిలకెల్లి ఎల్లిండా" అని అడుగుతున్నారు.

మొదట నేనూ పిల్లవాడి ముఖమే చూశాను. నువ్వు పంపిన ఫొటోలు ఈసారి వెలుతురులో పెట్టి, కళ్లజోడు పెట్టుకుని చూశాను. మూడోదాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ ఆడమనిషి కప్పుకున్న నల్లటిది ఏమిటో నీకు నిజంగా తెలియలేదా? అది గొంగడి. మిల్లుది కూడా కాదు, మగ్గం మీద నేసింది, అంచు చూస్తేనే తెలుస్తుంది. వెంటనే కృష్ణకాంత్‌ను పిలిపించి ఈమె ఎవరని అడిగాను. ఆయన నసిగాడు. "వాళ్ల అమ్మ అక్కా, జానమ్మ. ఇప్పటికి గొర్లు కాస్తది. గది చెప్తే సంబంధం రేటు పడిపోతదని చెప్పలే" అన్నాడు. గొర్రెల ఇంటికి వచ్చి గొర్రెల సంగతి దాచిన తెలివిమంతుణ్ణి నేను ఆయన్నే చూశాను.

ఒక మాట చెప్తాను విను. ఫొటో తీసేటప్పుడు ఆమెను పక్కకు జరగమనే ఉంటారు. ఆమె చెయ్యి కొడుకు భుజం మీదే ఉంది. ఆ చెయ్యి మీద కొడుకు చెయ్యి ఉంది. ఫ్యాక్టరీ బట్టలు వేసుకుని, గొంగడి కప్పుకున్న అమ్మను జరగనివ్వలేదు ఆ పిల్లవాడు. నేను అడిగిన బ్యాక్‌గ్రౌండ్ ఇదేనమ్మా. దాన్నే నువ్వు ఒక పూటంతా కూర్చుని తుడిచేశావు.

నేనూ మీ మామా మూడు బస్సులు మారి వాళ్ల ఇంటికి వెళ్లాం. జానమ్మ మంచినీళ్లు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. "మీరే వద్దన్నరు. ఎందుకు వద్దన్నరో చెప్పి అడుగుండ్రి" అంది. సంచి సంగతి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక తల వంచుకున్నాను. ఉగాది ముందు ఆదివారం వస్తామని మాత్రం అన్నారు. వచ్చి అవుననేదీ కాదనేదీ అప్పుడే చెప్తారట. సుస్మిత రోజూ ఫోన్ చేసి గొర్రెలు బాగున్నాయా అని అడుగుతోంది. దానికి గొర్రెల మీద ఇంత ప్రేమ ఎప్పుడూ లేదు.

ఆ కాగితం మళ్లీ చెయ్యి. జానమ్మను ఎక్కడినుంచి తీశావో అక్కడే నిలబెట్టు. మూడో ఫొటో మళ్లీ ఇందులో పెట్టాను.

గొర్రెల కాపరి మనవరాలివి, గొంగడిని "నల్లగా ఏదో" అని రాశావు. అది మాత్రం నాకు కష్టమనిపించింది.

మీ అత్త,
బీరమ్మ.


చౌటుప్పల్,
12 మార్చి.

అత్తా,

నీ చివరి వాక్యం నాలుగు రోజులు నాతోనే తిరిగింది. నేను అబద్ధం రాశాను. అది గొంగడని నాకు చూడగానే తెలుసు. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు బాపు ఒక గొంగడి మడతపెట్టి ఇచ్చాడు. రూంలో ఉండే అమ్మాయిలు ఏమంటారోనని బస్సెక్కే ముందు తలుపు వెనక దాచి వచ్చాను. ఆ ఫొటోలో అది కనిపించగానే నా చెయ్యి దానంతటదే చెరపడానికి పోయింది. సిగ్గుగా ఉంది అత్తా.

ఇక పని సంగతి విను, ఏడుపు చాలు. గులాబీ రంగు మొత్తం తీసేశాను. గరుకు కోసం గొంగడి కావాలి. కంప్యూటర్లో వెతికితే దేశదేశాల కంబళ్లన్నీ ఉన్నాయి, మనది లేదు. హైవే పక్కన ఒక తాత మందను దాటిస్తుంటే ఉరికి వెళ్లి అడిగాను. "గొంగడి ఇయ్యను, కావాలంటె నేనే వస్త" అన్నాడు. గొర్రెలను మనవడికి అప్పజెప్పి కట్టెతో సహా షాపులోకి వచ్చాడు. స్కానర్ మీద గొంగడి పరిచి మూత పెడితే కిందినుంచి వెలుగు ఇటునుంచి అటు పోయింది. తాత భయపడి, "కాలుతదా బిడ్డా" అని నాలుగుసార్లు అడిగాడు. మిషన్ నిండా వెంట్రుకలే. దశరథ్ అన్న ఇప్పటికీ ఏరుతున్నాడు. సామెత ఆయనకు అప్పగించాను.

తెర మీద పెద్దదిగా చేసి చూశాను. గొంగడి నలుపు నలుపు కాదత్తా. అందులో నలుపుంది, గోధుమ రంగుంది, బూడిద రంగుంది, మధ్యలో ఒక్కో తెల్ల పోగు మెరుస్తుంది. అన్నీ కలిస్తే దూరం నుంచి నలుపనుకుంటాం. కాగితం అంతటా దాన్నే పరిచాను. గరుకు గీతను చివరిదాకా జరిపాను. దాని మీద మన సుస్మిత పసుపు చీర ఎట్లా వెలిగిందో, శివకృష్ణ నవ్వు ఎట్లా తేలిందో నువ్వే చూడు. జానమ్మ అత్తను తీయడానికి ఒక పూట పడితే, తిరిగి నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఒక్కో వెంట్రుకా వెనక్కి పెట్టాను. కొడుకు చేతి కింద ఆమె చెయ్యి కూడా ఉంది.

తాత పోతూ పోతూ కాగితం వైపు చూసి, "గా పిల్లగాడు నా గొంగట్ల నిలవడ్డడు, మంచోడే అయితడు" అన్నాడు. బ్యాక్‌గ్రౌండ్ ఆరా తీయడం పూర్తయినట్టే.

చుట్టి, గొట్టంలో పెట్టి పంపుతున్నాను. వాళ్లు ఏమన్నారో ఆ రోజే రాయి.

నీ అన్న బిడ్డ,
మల్లిక.


ఎర్రగుంటపల్లి,
20 మార్చి.

మా మల్లికకు,

మేము బాగున్నాం, నువ్వు బాగుండు. ముద్ర కోసం కాదు, నిజంగానే అంటున్నాను.

నిన్న వాళ్లు వచ్చారు. జానమ్మ ముఖం బిగబట్టుకుని మంచం కోడు దగ్గర కూర్చుంది. నేను నీ కాగితం విప్పి గోడకు ఆనించాను. అందరూ పిల్లను, పిల్లవాణ్ణి చూస్తున్నారు. జానమ్మ మాత్రం మూడో బొమ్మ దగ్గరికి పోయి ఆగింది. "నన్ను గిండ్ల ఎవలు నిలవెట్టిండ్రు? ఫొటో తీసినోడైతే నన్ను జరుగు జరుగు అన్నడు" అంది. ఇక దాచలేక మొదటినుంచి చెప్పేశాను. రోడ్డు ఫేసింగ్ చెప్పాను, గులాబీ రంగు చెప్పాను, చెయ్యి ఊడటం చెప్పాను. సంచి దగ్గరికి వచ్చేసరికి ఆమె గుంజకు ఆనుకుని నవ్వింది. శివకృష్ణ తన మెడ తడుముకున్నాడు. కృష్ణకాంత్ టీ తాగడం మరిచిపోయాడు.

నవ్వు ఆగాక ఆమె కాగితం మీద అరచేయి పెట్టి పైనుంచి కిందికి నిమిరింది. "బొమ్మ మంచిగుంది. కుచ్చుకుంటలేదు గని" అంది. భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచింది. నా చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. గొంగడి మీద కూర్చున్నాక మాట తిరగదు. మే నెలలో పెళ్లి. సుస్మితను అడిగితే ఈసారి "నీ ఇష్టం" అనలేదు. అందరి ముందూ "నా ఇష్టమే" అని లోపలికి ఉరికింది. మీ మామ అప్పుడే మీ బాపుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు, ఈసారి నేను ఆపలేదు.

పోయేటప్పుడు జానమ్మ ఆ గొంగడిని దులిపి, మడిచి, నా చేతిలో పెట్టింది. "గా బొమ్మలు జేసే పిల్లకియ్యి. మల్ల ఎవలనన్న తీసేసే ముందుగాల ఒక్కసారి కప్పుకొని సూడుమను" అంది.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్ చేస్తున్నాను. రూంలో అందరి ముందూ విప్పు. కప్పుకుంటే మెడ దగ్గర కుచ్చుకుంటుంది. కుచ్చుకోనీ.

మీ అత్త,
బీరమ్మ.